ససెక్స్ స్పానియల్ ఉన్న ఇంటికి ఏ కానుక ఇవ్వాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

బ్రిటన్‌లో సంఖ్య బాగా తగ్గిపోయిన దేశవాళీ కుక్కజాతుల్లో ససెక్స్ స్పానియల్ ఒకటని కిందటి నెల ఈ శీర్షికలో ఒక్క వాక్యంలో ప్రస్తావించాము. ఆ వాక్యం చదివి అక్కడ స్థిరపడిన మన పాఠకులు వరుసగా ఉత్తరాలు రాశారు. ఆ కుక్కను పెంచుకునే స్నేహితులకో, సహోద్యోగులకో, చుట్టాలకో పేరు చెక్కించి గాని, బొమ్మ వేయించి గాని ప్రత్యేకంగా చేయించి ఇచ్చే కానుకల గురించే ఎక్కువమంది అడిగారు కాబట్టి, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా కార్యాలయంలో నా పైఅధికారి వచ్చే నెల పదవీ విరమణ చేస్తున్నారు. ఆవిడ ఇంట్లో ఒక ససెక్స్ స్పానియల్ ఉంది. ఏ మాట మొదలుపెట్టినా చివరికి దాని దగ్గరికే వస్తారు. మేమంతా తలా కొంత వేసుకుని 80 పౌండ్లు పోగుచేశాము. ఆన్‌లైన్‌లో 'స్పానియల్' అని వెతికితే కప్పులు, దిండు గలీబులు, గోడ గడియారాలు వందల్లో కనిపిస్తున్నాయి. కుక్క పేరు కూడా వేసి పంపుతామంటున్నారు. వాటిలో ఒకటి తెప్పిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, రెడింగ్

జవాబు: సరిపోదండి. ఇలాంటి కానుకల్లో తొంభై పాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. మీరు చూసిన వస్తువుల మీద ఉండే బొమ్మ దాదాపు ఎప్పుడూ కాకర్ స్పానియల్‌దో, ఇంగ్లిష్ స్ప్రింగర్ స్పానియల్‌దో అయి ఉంటుంది, ఎందుకంటే ఎక్కువగా అమ్ముడుపోయేవి అవే. ఆ బొమ్మ కింద మీ పైఅధికారి గారి కుక్క పేరు వేయించినంత మాత్రాన అది ఆవిడ కుక్క కాదు. పక్కింటివారి అబ్బాయి ఫొటో కింద మన అబ్బాయి పేరు రాసి చేతికిచ్చినట్టుంటుంది. అరుదైన జాతిని పెంచుకునేవారికి దారిలో ఎదురైన ప్రతివాళ్ళూ "ఇది కాకరా?" అని అడగడం, వారు ఓపికగా కాదని చెప్పడం రోజువారీ వ్యవహారం. అదే పొరపాటు బంగారు రంగు కాగితంలో చుట్టుకుని పదవీ విరమణ సభకు రాకూడదు.

ససెక్స్ స్పానియల్‌ను గుర్తుపట్టడం కష్టం కాదు. ఇది పొట్టి కాళ్ళు, పొడవైన బరువైన నడుము, వెడల్పాటి ఛాతీ గల కుక్క. బ్రిటన్‌లో కుక్కజాతులను నమోదు చేసే సంస్థ కెన్నెల్ క్లబ్ ప్రమాణాల ప్రకారం భుజం దగ్గర ఎత్తు 38 నుంచి 41 సెంటీమీటర్లు, బరువు సుమారు 23 కిలోలు. అంటే ఎత్తుకు మించిన బరువన్నమాట. నడిచేటప్పుడు ఒళ్ళంతా అటూ ఇటూ ఊగుతుంది. తల వెడల్పుగా ఉండి నుదుటి మధ్య ఒక గాడి, కనుబొమల దగ్గర ముడత ఉంటాయి కాబట్టి ఎంత సంతోషంగా ఉన్నా ఏదో గంభీరమైన సమస్య గురించి ఆలోచిస్తున్నట్టే కనిపిస్తుంది. రంగు ఒక్కటే: బంగారు ఛాయ నిండిన లివర్ (కాలేయపు) గోధుమ వర్ణం, వెంట్రుకల కొసలకు వచ్చేసరికి బంగారంలా మారడం. తెల్లని మచ్చలున్న బొమ్మ అయితే స్ప్రింగర్‌ది కావచ్చు; నల్లనిదైతే, పొడవాటి కాళ్ళున్నదైతే, అది మరో జాతి. పూర్తిగా చాక్లెట్ రంగులో ముద్రించినా తప్పే, ఎందుకంటే ఈ జాతి ప్రమాణాల్లో ముదురు లివర్ రంగును మెచ్చరు, ఆ బంగారు మెరుపే పైచేయిగా ఉండాలంటారు.

ఇంకో చిన్న విషయం తోక. వేటకుక్కల తోకలు కత్తిరించే ఆచారం పూర్వం ఉండేది. ఇంగ్లండ్‌లో 2007 నుంచి పనిచేసే కుక్కలకు ఇచ్చిన మినహాయింపు తప్ప దాన్ని చట్టం నిషేధించింది. అందువల్ల నేడు నిండు తోకవి, పొట్టి తోకవి రెండూ కనిపిస్తాయి. ఆవిడ కుక్కకు ఏ తోక ఉందో బొమ్మలోనూ అదే ఉండాలి.

ఇక 80 పౌండ్లతో ఏం చేయించవచ్చంటే, నా ఓటు గిన్నెకే. స్పానియళ్ళకు పొడవాటి చెవులుంటాయి. మామూలు గిన్నెలో తిన్నా, తాగినా చెవులు అందులో పడి తడుస్తాయి, తర్వాత ఆ చెవులు ఇల్లంతా తుడుస్తాయి. అందుకని పైన మూతి ఇరుకుగా, కింద అడుగు వెడల్పుగా, పక్కలు లోపలికి వాలినట్టు చేసే బరువైన పింగాణీ గిన్నెలు ఇంగ్లండ్‌లో చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. వాటిని స్పానియల్ గిన్నెలనే పిలుస్తారు. చేత్తో పింగాణీ పని చేసేవారి దగ్గర అలాంటి గిన్నె మీద కుక్క పేరు, దాని ఫొటో చూసి వేసిన చిన్న బొమ్మ పెట్టించండి. ఒక్క మాట మాత్రం ముందే అడిగి తెలుసుకోవాలి: బొమ్మ గ్లేజు (గాజులాంటి పైపూత) కింద వేసి కాలుస్తారా, లేక కాల్చిన గిన్నె మీద అతికిస్తారా? మొదటి పద్ధతిలో వేసినది ఏళ్ళ తరబడి రోజూ కడిగినా చెక్కుచెదరదు. పైన అతికించినది డిష్‌వాషర్‌లో కొన్నాళ్ళకే వెలిసిపోవచ్చు. ఫొటో ముద్రించిన దిండు గలీబుల మీద నాకు పెద్దగా మోజు లేదు. పోల్చి చూడడానికి అసలు కుక్క ఎప్పుడూ దాని మీదే పడుకుని ఉంటుంది.

ఆవిడకు చరిత్ర అంటే ఇష్టమైతే గిన్నెతో పాటు ఇచ్చే కార్డులో రెండు వాక్యాలు రాయవచ్చు. ఈ జాతి ససెక్స్ కౌంటీలోని బ్రైట్లింగ్ గ్రామంలో, రోజ్‌హిల్ ఎస్టేట్‌కు చెందిన అగస్టస్ ఇలియట్ ఫుల్లర్ పెంపకంలో 1795 ప్రాంతంలో రూపుదిద్దుకుందని చెబుతారు. అక్కడి దట్టమైన పొదల్లో కుక్క కనిపించదు కాబట్టి, వాసన పట్టగానే మొరిగి వేటగాడికి తెలియజేసే కుక్క కావలసివచ్చింది; మిగతా స్పానియళ్ళు మౌనంగా పనిచేస్తుంటే దీనికి మాత్రం నోరు ఎక్కువ. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జాతి దాదాపు కనుమరుగయ్యే స్థితికి చేరినప్పుడు జాయ్ ఫ్రియర్ అనే ఆవిడ తన కుక్కలను కాపాడుకుంటూ వంశం నిలబెట్టారు. ససెక్స్ స్పానియల్ యజమానుల ముందు ఆ పేరు ఎత్తితే చాలు, మీరు కాస్త కష్టపడి తెలుసుకున్నారని వారికి అర్థమవుతుంది.

ప్రశ్న: మా అన్నయ్య, వదిన లూయిస్ పట్టణం దగ్గర ఉంటారు. వారి ససెక్స్ స్పానియల్ చిత్రాన్ని ఒక చిత్రకారిణి చేత రంగుల్లో వేయించి వదిన పుట్టినరోజుకు ఇవ్వాలని మా ఆలోచన. ఆవిడ ఫొటోలు పంపమన్నారు. మా ఫోన్లో ఉన్నవాటిలో కుక్క గోధుమ రంగు ముద్దలా తప్ప కనిపించడం లేదు. మంచి ఫొటో ఎలా తీయాలి?
– ఒక పాఠకుడు, క్రాయిడన్

జవాబు: మీ కానుక బాగోగులు సగం ఈ ఫొటో మీదే ఆధారపడి ఉన్నాయి కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

ముందుగా వెలుతురు. ఈ కుక్క ఒంటి మీద బంగారు కొసలు కనిపించాలంటే వెలుగు పక్క నుంచి, వాలుగా పడాలి. ఉదయం గాని, సాయంత్రం గాని ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు తోటలో తీయండి. మిట్టమధ్యాహ్నం ఎండలో కనుబొమల నీడ కళ్ళ మీద పడి కళ్ళు రెండు నల్లని గుంటలవుతాయి. ఇంట్లోనైతే పెద్ద కిటికీ పక్కన కూర్చోబెట్టాలి. అప్పుడు లేత గోధుమ రంగు కళ్ళలో కిటికీ వెలుగు చుక్కలా మెరుస్తుంది, చిత్రకారిణి మొదట వెతికేది ఆ చుక్కనే. ఫ్లాష్ అసలు వాడవద్దు, కళ్ళు పచ్చగా వెలుగుతాయి. ముదురు రంగు సోఫా, గోధుమ రంగు తివాచీ వెనకాల లేకుండా చూసుకోండి. మీ ఫొటోల్లో కుక్క ముద్దలా కనబడడానికి కారణం బహుశా అదే.

తరవాత ఎత్తు. నిలబడి పై నుంచి తీస్తే తల పెద్దదై, అసలే పొట్టిగా ఉన్న కాళ్ళు మరీ మాయమైపోయి బొమ్మ వికారంగా వస్తుంది. మీరే నేల మీద కూర్చుని ఫోనును దాని కళ్ళ ఎత్తుకు దించండి. మరీ దగ్గరికి వెళితే ముక్కు ఉబ్బినట్టు వస్తుంది; రెండు మీటర్ల దూరంలో ఉండి జూమ్ చేయడం మేలు. ఫొటో తీసేవారు సాధారణంగా ఈల వేసో, కీచుమనే ఆటబొమ్మ నొక్కో కుక్క దృష్టిని లాగుతారు. ఈ జాతి విషయంలో ఆ పని ఒక్కసారికి మించి చేయకండి. శబ్దం వినగానే చెవులు పైకి లేచి, నుదురు సాగి, కళ్ళు గుండ్రమవుతాయి; ఆ ఫొటో చూసి వేస్తే అది ఏదో ఒక స్పానియల్ అవుతుంది గాని వదినగారి కుక్క కాదు. అది మామూలుగా, ఏ హడావుడీ లేకుండా వదినగారి వైపు చూసే క్షణం కోసం ఆగండి. చెవులు వాలి, నుదుటి ముడత నిలిచి, పై పెదవులు కిందికి జారి ఉండే ఆ ముఖమే వారు రోజూ చూసే ముఖం.

ముఖం ఒకటి, పక్క నుంచి నిలువెత్తుది ఒకటి, చెవి వెంట్రుకల అలలు కనబడేలా దగ్గరిది ఒకటి – ఇలా కొన్ని కలిపి పంపితే చిత్రకారులకు పని సులువు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది. డాక్యుమెంట్‌గా గాని ఈమెయిల్‌లో అసలు ఫైలుగా గాని పంపాలి. ఒకవేళ చిత్రం వద్దనుకుని ఫొటోనే ఏ4 పరిమాణంలో ముద్రింపజేయాలనుకుంటే, స్పష్టంగా రావాలంటే 2480 × 3508 పిక్సెళ్ళకు తగ్గకుండా ఉండాలని గుర్తుంచుకోండి.

కుక్కల ప్రదర్శనలో ఎవరో ఫొటోగ్రాఫరు తీసిన అందమైన ఫొటో అన్నయ్యగారి దగ్గర ఉంటే దాన్ని చెప్పకుండా వాడేయాలని అనిపించవచ్చు. డబ్బిచ్చి కొన్నా సరే, వేరే ఒప్పందం లేకపోతే బ్రిటిష్ చట్టం ప్రకారం దాని కాపీరైటు తీసినవారిదే. ఒక ఉత్తరం రాసి అనుమతి అడగండి.

ప్రశ్న: కుక్క పేరు, యజమాని ఫోన్ నంబరు చెక్కించిన ఇత్తడి బిళ్ళ, తోలు మెడపట్టీ కలిపి ఇద్దామనుకుంటున్నాను. ఏమైనా జాగ్రత్తలు ఉన్నాయా?
– ఒక పాఠకురాలు, మాంచెస్టర్

జవాబు: ఉన్నాయి, వాటిలో ఒకటి చట్టం. 1992 నాటి కుక్కల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం గ్రేట్ బ్రిటన్‌లో బహిరంగ ప్రదేశానికి వచ్చే కుక్క మెడపట్టీ మీద గాని, దానికి తగిలించిన బిళ్ళ మీద గాని యజమాని పేరు, చిరునామా ఉండాలి. వేట పనిలో ఉన్న కుక్కలకు, మరికొన్నిటికి మినహాయింపు ఉంది. మైక్రోచిప్ వేయించడం ఇంగ్లండ్‌లో 2016 నుంచి తప్పనిసరే అయినా, చిప్ ఉంది కదా అని బిళ్ళ మానేయడానికి వీల్లేదు. అంటే మీరు చెప్పినట్టు కుక్క పేరు, ఫోన్ నంబరు మాత్రమే చెక్కిస్తే అది చూడడానికి ముచ్చటగా ఉంటుంది గాని చట్టానికి సరిపోదు. ఫోన్ నంబరు తప్పనిసరి కాదు, కానీ తప్పిపోయిన కుక్క త్వరగా ఇల్లు చేరేది దానివల్లే కాబట్టి వేయించండి.

కుక్క పేరు బిళ్ళ మీద వేయించకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అరుదైన జాతి కుక్కలకు దొంగల భయం ఉంది. పేరు పెట్టి పిలిచే కొత్తవాళ్ళ వెంట కుక్క తేలిగ్గా వెళుతుంది. పేరు మీద మనసుంటే మెడపట్టీ లోపలి వైపు, తోలు మీద అచ్చు వేయించండి, లేదా గొలుసు తగిలించుకునే గోడకొక్కెం పలక మీద చెక్కించండి.

మెడపట్టీ విషయంలో ఈ జాతికి మెడ దగ్గర, చెవుల కింద వెంట్రుకలు ఒత్తుగా ఉంటాయి. బల్లపరుపు పట్టీ కింద అవి రాపిడికి జడలు కడతాయి. గుండ్రంగా చుట్టి కుట్టిన తోలు పట్టీ ఆ బాధ తగ్గిస్తుంది. కొలత కోసం మెడను కొలవడానికి అవస్థపడకండి. పాత పట్టీని ఎలాగైనా చేజిక్కించుకుని, బకిల్ ముల్లు మొదలయ్యే చోటు నుంచి రోజూ పెట్టే రంధ్రం వరకు కొలిస్తే చాలు. బిళ్ళకు అల్యూమినియం వద్దు, అక్షరాలు త్వరగా అరిగిపోతాయి. ఇత్తడైనా, స్టెయిన్‌లెస్ స్టీలైనా, పైపైన గీసినట్టు కాకుండా లోతుగా చెక్కించండి.

ప్రశ్న: ససెక్స్ స్పానియల్ తల ఆకారంలో వెండి లాకెట్ చేసి, వెనకవైపు పేరు చెక్కి ఇస్తామని ఒకరు ప్రకటన ఇచ్చారు. '925' అని ముద్ర ఉంటుందన్నారు. అది హాల్‌మార్కేనా?
– ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: కాదు. '925' అన్నది తయారుచేసినవారు తామే కొట్టుకోగల అంకె. బ్రిటన్‌లో హాల్‌మార్క్ అంటే లండన్, బర్మింగ్‌హామ్, షెఫీల్డ్, ఎడిన్‌బరో నగరాల్లోని నాలుగు అస్సే కార్యాలయాల్లో ఏదో ఒకటి పరీక్షించి వేసే ముద్ర. అందులో వస్తువును పంపినవారి గుర్తు, లోహపు స్వచ్ఛత, పరీక్షించిన కార్యాలయం గుర్తు మూడూ ఉంటాయి. అయితే 7.78 గ్రాముల కన్నా తక్కువ బరువున్న వెండి వస్తువుకు ఆ ముద్ర తప్పనిసరి కాదు, చిన్న లాకెట్లు చాలావరకు ఆ లోపే ఉంటాయి. అందువల్ల ముద్ర లేనంత మాత్రాన మోసం అనుకోనక్కరలేదు. బరువు ఎంతో అడగండి. డబ్బు ఇచ్చే ముందు లాకెట్ ఫొటోలో చెవులు కంటి వరుస కన్నా కొద్దిగా పైనుంచి మొదలై, వెడల్పుగా, దళసరిగా కిందికి వాలాయో లేదో కూడా చూసుకోండి.

ప్రశ్న: మా పక్కింటి పెద్దాయన పద్నాలుగేళ్ళు పెంచుకున్న ససెక్స్ స్పానియల్ రెండు వారాల క్రితం చనిపోయింది. ఆయన ఒంటరివారు. జ్ఞాపకంగా ఉండేది ఏదైనా చేయించి ఇవ్వాలని మా ఆవిడ అంటోంది. మేము తొందరపడుతున్నామేమో అని నాకు సందేహం. ఇంట్లో ఇంకో కుక్క కూడా ఉంది.
– ఒక పాఠకుడు, నాటింగ్‌హామ్

జవాబు: మీ సందేహం సబబే, మీ ఆవిడ ఆలోచనా సబబే. వస్తువు చేయించడానికి తొందర లేదు గాని, పలకరించడానికి ఆలస్యం చేయకండి. ఇప్పుడు చేతిరాతతో ఒక ఉత్తరం ఇవ్వండి. అందులో సానుభూతి వాక్యాల కన్నా ఆ కుక్క గురించి మీకు గుర్తున్న ఒక్క నిజమైన సంఘటన ఉండాలి. మీ ఫోన్లో అది ఏ మూలనైనా పడిన ఫొటో ఉంటే, దాన్ని ముద్రించి ఉత్తరంతో జతచేయండి. ఒంటరిగా ఉండేవారి దగ్గర తామూ కుక్కా కలిసి ఉన్న ఫొటోలు ఉండవు, తీసేవారు ఉండరు కాబట్టి. మీ ఫొటోలో కంచె మీదుగా ఆయన, కాళ్ళ దగ్గర అది ఉంటే, అంతకు మించిన కానుక ఏ దుకాణంలోనూ దొరకదు.

కొన్ని నెలలు గడిచాక వెంట్రుకలతో చేసే జ్ఞాపిక గురించి ఆయన్నే నేరుగా అడగవచ్చు. ఇది ఆశ్చర్యపరచవలసిన సందర్భం కాదు. చెవి కొసల నుంచి, ఛాతీ మీద నుంచి తీసిన వెంట్రుకలను పారదర్శకమైన రెజిన్‌లో (పోశాక గట్టిపడే జిగురులాంటి పదార్థం) పొదిగి లాకెట్ గానో, కాగితాల బరువు గానో చేసేవారున్నారు. వెంట్రుకల్లో తడి, జిడ్డు ఉంటే రెజిన్‌లో బుడగలు వస్తాయి కాబట్టి శుభ్రంగా కడిగి ఆరబెట్టి ఇవ్వాలి. ఉన్నదంతా ఒకేసారి పంపకుండా సగం ఇంట్లోనే దాచమని చెప్పండి. తపాలాలో పోయినా, పనిలో పాడైనా తిరిగి తెచ్చుకోలేనిది అది. రెజిన్ ఎండ తగిలితే పసుపెక్కుతుంది, కిటికీ గూట్లో పెట్టకూడదు.

ఇంకో కుక్క ఉందన్నారు కాబట్టి దాని పాదముద్ర తీయించి ఈ జ్ఞాపిక పక్కన పెట్టాలని ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. అలాగైతే ఒక్క హెచ్చరిక. మైదా, ఉప్పు కలిపి ఇంట్లో చేసే ముద్దతో పాదముద్రలు తీసే పద్ధతి బాగా ప్రచారంలో ఉంది. అందులో ఉప్పు అంత ఎక్కువగా ఉంటుంది కనుక కుక్క ఆ ముద్ద కొంత తింటే ప్రాణం మీదికి రావచ్చు. ఆరిపోయిన తరవాత కూడా కొరికి తినగలదు. పాదముద్రల కోసమే అమ్మే, విషం లేని మట్టి వాడండి. అది కూడా స్పానియలే అయితే వేళ్ళ మధ్య వెంట్రుకలు గుబురుగా ఉంటాయి. వాటిని కొద్దిగా తడిపి పక్కకు దువ్వకపోతే మట్టిలో పాదం బదులు బ్రష్ ముద్ర పడుతుంది.

ప్రశ్న: పేరు తప్పుగా చెక్కి పంపితే వాపసు ఇవ్వవచ్చా? కుక్క పేరు మేమే తప్పుగా టైపు చేసి ఉంటే?
– ఒక పాఠకుడు, కోవెంట్రీ

జవాబు: ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును కారణం చెప్పకుండా 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు మీ కోసం ప్రత్యేకంగా చేయించిన వస్తువులకు వర్తించదు. కానీ తప్పు వారిదైతే, అంటే మీరిచ్చిన అక్షరాలు కాకుండా వేరేవి చెక్కినా, విరిగినది పంపినా, 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం 30 రోజుల్లోపు తిరస్కరించి డబ్బు వెనక్కి అడగవచ్చు. తప్పు మీదైతే వారి దయాదాక్షిణ్యమే. కుక్కను ఇంట్లో పిలిచే పేరు, కెన్నెల్ క్లబ్‌లో నమోదైన పొడవాటి పేరు వేరువేరుగా ఉంటాయి. గిన్నెకు మొదటిది కావాలి, ప్రదర్శనలో గెలిచిన పతకాల చట్రానికి రెండోది కావాలి. ఏ అక్షరానికి ఆ అక్షరం రాతపూర్వకంగా ఇంటివారి దగ్గర నుంచే తెప్పించుకోండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఈ జాతి అంటే ప్రాణం, కానీ ఇంకా కుక్క లేదు. కుక్కపిల్ల కోసం పెంపకందారు దగ్గర పేరు నమోదు చేసుకుని ఎదురుచూస్తోంది. ఈలోగా ఏదైనా ఇవ్వాలనుంది. ఆశ్చర్యపరిచేలా కుక్కపిల్లనే ఇవ్వమని మా మరిదిగారు అంటున్నారు.
– ఒక పాఠకురాలు, బ్రిస్టల్

జవాబు: మరిదిగారి మాట ఈ ఒక్కసారికి పక్కన పెట్టండి. ఏడాదికి 300 కన్నా తక్కువ పిల్లలు నమోదయ్యే దేశవాళీ జాతులను కెన్నెల్ క్లబ్ ఒక ప్రత్యేక జాబితాలో ఉంచుతుంది. ససెక్స్ స్పానియల్ అందులో ఉంది. ఇలాంటి జాతి పిల్ల చేతికి వెంటనే దొరుకుతోందంటే అదే అనుమానించవలసిన విషయం. ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్ నుంచి ఆరు నెలల లోపు కుక్కపిల్లలను మధ్యవర్తులు వ్యాపారంగా అమ్మడం నిషిద్ధం. పెంపకందారు దగ్గరికి వెళ్ళి, తల్లితో కలిపి పిల్లను చూసి తెచ్చుకోవాలి. మంచి పెంపకందారు కూడా తాము ఎవరికి ఇస్తున్నారో చూడకుండా పిల్లను ఇవ్వరు.

ఎదురుచూసే మనిషికి వస్తువుల కన్నా ఆ లోకంలోకి దారి చూపేవి నచ్చుతాయి. మార్చిలో బర్మింగ్‌హామ్ ఎన్.ఇ.సి. ప్రదర్శనశాలలో జరిగే క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనకు గన్‌డాగ్‌ల (వేటకుక్కల) రోజున టికెట్టు కొనివ్వండి. అక్కడ ఆయా జాతుల యజమానులతో మాట్లాడేందుకు, కుక్కలను దగ్గరగా చూసేందుకు ప్రత్యేకంగా ఒక విభాగం ఉంటుంది. ససెక్స్ స్పానియల్ అసోసియేషన్‌లో సభ్యత్వం ఇప్పించవచ్చు, కానీ దరఖాస్తు అమ్మాయే చేసుకోవలసి ఉంటుందేమో ముందు కనుక్కోండి. వీటికి తోడు ఖాళీ పుటల పుస్తకమొకటి తోలు అట్టతో కట్టించి, పై అట్ట మీద పేరు కోసం చోటు వదిలేయండి. పిల్ల వచ్చాక ఆ పేరు అచ్చు వేయించే ఖర్చు మీదని లోపల ఒక చీటీ రాసి పెట్టండి. బరువు, టీకాలు, మొదటి స్నానం, మొదట కొరికిన చెప్పు, అన్నీ అందులో రాసుకుంటుంది. 2009లో న్యూయార్క్ వెస్ట్‌మినిస్టర్ కుక్కల ప్రదర్శనలో మొత్తం పోటీకే ఉత్తమ కుక్కగా గెలిచిన స్టంప్ ఒక ససెక్స్ స్పానియలేనని, అప్పటికి దాని వయసు పదేళ్ళని, అంత పెద్ద వయసులో ఆ బహుమతి అంతకుముందు ఏ కుక్కకూ రాలేదని మొదటి పుటలో మీరే రాసి ఇస్తే, ఎదురుచూపుకు కొంత ఊరటగా ఉంటుంది.

ప్రశ్న: మా స్నేహితుల కుక్క పేరు బ్రాంబుల్. మా తరఫు కానుక అని తెలిసేలా దుప్పటి మీద పేరును తెలుగు లిపిలో కుట్టించాలనుకున్నాము. దుకాణం వారు పంపిన నమూనాలో 'బ' పక్కన రావత్తు విడిగా, సున్నా ఇంకెక్కడో పడ్డాయి. తెలుగు రాదు కాబట్టి తప్పేమిటో వారికి తెలియడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, సౌతాంప్టన్

జవాబు: ఆలోచన చాలా బాగుంది. తప్పు దుకాణంవారిది కాదు, వారి సాఫ్ట్‌వేర్‌ది. ఎంబ్రాయిడరీ, చెక్కడం పనులకు వాడే చాలా ప్రోగ్రాములు అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతాయే తప్ప, వత్తును హల్లుకు, గుణింతాన్ని అక్షరానికి కలపలేవు. కాబట్టి వారికి అక్షరాలు టైపు చేసి పంపకండి. మీ కంప్యూటర్‌లోనో, ఫోన్‌లోనో పేరును మంచి తెలుగు ఫాంటులో పెద్దగా రాసి, సరిగ్గా కలిసిందని చూసుకుని, దాన్ని బొమ్మగా మార్చి పంపండి. అక్షరాలను గీతలుగా మార్చిన పి.డి.ఎఫ్. అయితే మరీ మంచిది. అప్పుడు వారి యంత్రం దాన్ని లిపిగా కాక బొమ్మగా కుడుతుంది.

ఫాంటు ఎన్నుకునేటప్పుడు సన్నని గీతలున్నవి, అలంకారాలున్నవి వద్దు. దారానికి కనీస మందం ఉంటుంది కనుక రావత్తు లోపలి చిన్న ఖాళీలు, 'బు' కొమ్ము వంపు కుట్టులో పూడుకుపోతాయి. గుండ్రటి, దిట్టమైన అక్షరాలు ఎన్నుకుని, తలకట్టు నుంచి వత్తు అడుగు దాకా మూడు నాలుగు సెంటీమీటర్ల ఎత్తుకు తగ్గకుండా కుట్టించండి. పక్కన కుక్క బొమ్మ కూడా కావాలంటే వెంట్రుకల వివరాల కోసం పట్టుపట్టకుండా, తల, చెవుల రూపురేఖను రెండు మూడు లివర్ ఛాయల్లోనూ, చెవి అంచును ఒక్క బంగారు దారంతోనూ కుట్టమనండి. అసలు దుప్పటి మీద సూది పెట్టే ముందు గుడ్డముక్క మీద కుట్టిన నమూనాను ఫొటో తీసి పంపమనండి. దాన్ని తెలుగు చదవగలిగిన ఇంకొకరికి, పేరేమిటో చెప్పకుండా చూపించండి. వారు తడుముకోకుండా 'బ్రాంబుల్' అని చదివితే కుట్టమని చెప్పవచ్చు.